వంద క్లిక్కులకు చేతికొచ్చేది ఎంత?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ఇంటి వంటల మీద, వంటపాత్రల మీద ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేస్తాను. 38 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు, చిన్న బ్లాగ్ కూడా ఉంది. వాటి నుంచి ఎవరైనా కొంటే నాకు కమిషన్ వచ్చేలా మూడు నెలలుగా అమెజాన్ లింకులు పెడుతున్నాను. 2,400 క్లిక్కులకు 84 ఆర్డర్లు వచ్చాయి, రిటర్నులు పోగా కమిషన్ 3,360 రూపాయలు తేలింది. ఈ మధ్య ఒక ఇనుప పాత్రల కంపెనీ 15 శాతం ఇస్తామంది. నెల రోజులు చూశాను. 300 క్లిక్కులకు 4 ఆర్డర్లు, అందులో ఒకటి వెనక్కి పోయింది, 900 రూపాయలు జమ అయింది. 5,000 దాటితేనే పంపుతారట. ఇంకో చోట 7,499 కట్టి కోర్సులో చేరితే, నా లింకుతో చేరిన ప్రతి మనిషి మీదా సగం నాకే అంటున్నారు. ఏ రంగు వస్తుందో డబ్బు పెట్టి ఊహించే కలర్ ప్రెడిక్షన్ గేమ్ యాప్ వాళ్ళు కూడా ప్రచారం చేయమని మెసేజ్ పెట్టారు. దేన్ని పట్టుకోమంటారు? 54,000 పెట్టి కొత్త ఫోన్ ఏడాది ఈఎంఐ మీద తీసుకుందామనుకుంటున్నాను. డబ్బు ప్రస్తుతం మా మరిది అకౌంట్‌లో పడుతోంది, సెటప్ అంతా ఆయనే చేశారు.

జవాబు: అమ్మా, ఇంకా కట్టకపోతే ఆ 7,499 కట్టకండి. మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకుందాం, ఇది మాత్రం ఈ రోజే తేల్చేయాలి.

ఆ కోర్సు లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. మీరు పెట్టింది వెనక్కి రావాలంటే మీ మాట నమ్మి ఇద్దరు చెరో 7,499 కట్టాలి. ఆ ఇద్దరి డబ్బు వెనక్కి రావాలంటే నలుగురు కట్టాలి, ఆ నలుగురికి ఎనిమిది మంది. ఇలా పోతే పదో మెట్టు దగ్గర 1,024 మంది కావాలి. ఎవరు వాళ్ళంతా? మీ రీల్ చూసి పులిహోర కలుపుకునేవాళ్ళు, మీ కామెంట్లలో ‘అక్కా, ఈ మూకుడు ఎక్కడ కొన్నారు’ అని అడిగేవాళ్ళు. నిజంగా పనికొచ్చే కోర్సులూ ఉంటాయి, కాదనను. కానీ అక్కడ అమ్ముడుపోయేది పాఠమా, చేరే అవకాశమా అన్నది చూడాలి. చేరేవాళ్ళ డబ్బే పాతవాళ్ళకు ఆదాయమైతే దాన్ని చట్టం డబ్బు చలామణీ పథకం అంటుంది. అలాంటివి 1978 నుంచే నిషేధం. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ పథకాలను, చేరడానికి ఫీజు గుంజడాన్ని ఒప్పుకోవు. అసలు అఫిలియేట్ ప్రోగ్రామ్ అన్నాక సరుకు అమ్మిపెట్టినందుకు వాళ్ళు మీకివ్వాలి. వాళ్ళకు మీరు ముందుగా కట్టేదేమిటి?

ఆ గేమ్ యాప్‌కు జవాబు కూడా ఇవ్వకుండా బ్లాక్ చేయండి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని తెలంగాణ పోలీసులు సినిమా నటుల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టిన వార్తలు మీరూ చూసే ఉంటారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములకు ప్రచారం చేస్తే రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడొచ్చు.

ఇక మిగిలినవి రెండు, అమెజాన్, ఇనుప పాత్రల కంపెనీ. అసలు ఆలోచించాల్సింది ఈ రెంటి మధ్యే. అందరూ శాతం చూస్తారు. ఎవరు ఎక్కువిస్తారా అని. మీరు మాత్రం నాకు క్లిక్కులు, ఆర్డర్లు, రిటర్నులు అన్నీ రాసి పంపారు, ఆ ఒక్క అలవాటు చూసి చాలా సంతోషమేసింది. ఆ అంకెలను వంద క్లిక్కుల లెక్కలోకి తెద్దాం. అమెజాన్‌లో 2,400 క్లిక్కులకు 3,360 అంటే వంద క్లిక్కులకు 140 రూపాయలు. పాత్రల కంపెనీలో 300 క్లిక్కులకు 900, అంటే వందకు 300. చూడగానే కంపెనీదే పైచేయి అనిపిస్తుంది.

కానీ ఆ 900 వచ్చింది మూడే మూడు ఆర్డర్ల మీద. ఇంకొకరు పెనం బరువుగా ఉందని వెనక్కి పంపి ఉంటే 600 అయ్యేది, వందకు 200కు పడిపోయేది. అమెజాన్ అంకె వెనక 84 ఆర్డర్లున్నాయి, దాన్ని నమ్మొచ్చు. దీన్ని నమ్మడానికి ఇంకా వ్యవధి కావాలి. పైగా ఆ 900 ఇంకా మీ చేతికి రాలేదు. ఇదే వేగంతో పోతే 5,000 గీత దాటేది ఆరో నెలలో. ఈలోపు కంపెనీ ప్రోగ్రామ్ ఆపేస్తే? వాళ్ళకు మెయిల్ పెట్టి మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి. 5,000 లోపు ప్రోగ్రామ్ ఆగితే జమ ఉన్నది ఇస్తారా, రిటర్న్ గడువు ఎన్ని రోజులు, మీ లింకు నొక్కినవాళ్ళు ఎన్నాళ్ళలోపు కొంటే మీ ఖాతాలో వేస్తారు. అమెజాన్‌లో ఈ చివరిది 24 గంటలే. ఆలోపు కార్ట్‌లో వేసుకుంటే మాత్రం 90 రోజుల వరకు లెక్కలోకి వస్తుంది. లింకు నొక్కి పెనం బదులు ఇంకేదైనా కొన్నా మీకు కమిషన్ వస్తుంది. చిన్న కంపెనీ లింకులో ఆ వెసులుబాటు దొరకదు.

నా మాట, రెండూ ఉంచుకోండి, కానీ చోటు వేరు చేయండి. మీరు నిజంగా ఆ పెనం మీదే అట్టు పోసిన రీల్‌కు కంపెనీ లింకు. మిక్సీ జార్లు, డబ్బాలు, జల్లెడలు వగైరాలకు అమెజాన్. మూడు నెలలాగి మళ్ళీ వంద క్లిక్కుల లెక్క వేయండి. బ్లాగ్‌ను మాత్రం వదలొద్దు. రీల్ రెండు రోజులు తిరిగి ఆగిపోతుంది. ‘కొత్త ఇనుప పెనాన్ని వాడకానికి ఎలా సిద్ధం చేయాలి’ అని రాసిన పేజీ గూగుల్‌లో ఏళ్ళ తరబడి జనాన్ని తెస్తుంది. 2020లో టిక్‌టాక్ ఒక్క రాత్రిలో పోయినప్పుడు అక్కడ లక్షల ఫాలోవర్లున్నవాళ్ళ చేతిలో ఏమీ మిగల్లేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలో అమెజాన్ కిరాణా కమిషన్‌ను 5 నుంచి 1 శాతానికి, ఫర్నిచర్‌ది 8 నుంచి 3కు తగ్గించేసింది. ఒక్క ప్రోగ్రామ్ మీదే ఆధారపడొద్దని నేను ఊరికే అనడం లేదు.

లింకు పెట్టిన ప్రతిచోటా, కింద ఎక్కడో కాకుండా మొదట్లోనే, ‘ఈ లింకుతో కొంటే నాకు కమిషన్ వస్తుంది’ అని తెలుగులో రాయండి. 2023 జనవరి నుంచి కేంద్రం మార్గదర్శకాలు ఉన్నాయి, తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షల వరకు జరిమానా ఉంది. చెబితే అమ్మకాలు పడిపోతాయని భయపడకండి. మీ ప్రేక్షకులు మిమ్మల్ని అక్కా అని పిలుస్తున్నారు, వాళ్ళకు చెప్పాల్సిన మాటే అది.

ఫోన్ సంగతి. అమెజాన్ నుంచి మీకు నెలకు సగటున 1,120 వస్తోంది. ఏడాది ఈఎంఐ వడ్డీ లేకుండానే నెలకు 4,500. మిగతా 3,380 ఇంటి ఖర్చుల్లోంచి తీయాలి. వద్దు. ఆరు నెలలు కమిషన్‌ను ముట్టుకోకుండా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే చిన్న మైక్, లైటు వస్తాయి. వంట వీడియోలో పోపు చిటపటలు స్పష్టంగా వినపడటం ఫోన్ మోడల్ కన్నా ముఖ్యమని నాకనిపిస్తుంది.

చివరగా మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. డబ్బు మరిది అకౌంట్‌లో, ఆయన పాన్ మీద పడుతోంది. ఆయన మంచితనం మీద నాకేం అనుమానం లేదు. కానీ పన్ను శాఖ దృష్టిలో అది ఆయన ఆదాయం. ఆయనకు జీతం ఉంటే దానికి కలుస్తుంది. ఉద్యోగస్థులు మామూలుగా వేసే పన్ను రిటర్న్ ఫారం ఐటీఆర్-1 పనికిరాదు, వ్యాపార ఆదాయం కింద ఐటీఆర్-3 వేయాలి. చిన్న వ్యాపారులు అమ్మకాల్లో ఇంత శాతం లాభం అని చూపే అంచనా లాభం పద్ధతి కమిషన్‌కు వర్తించదు. అదే మీ పాన్ మీద ఉంటే, మీకు వేరే ఆదాయం లేకపోతే పన్నే పడదు. ఒక కంపెనీ ఏడాదికి ఇచ్చే కమిషన్ 20,000 దాటితేనే 2 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారు, మీ అమెజాన్ లెక్క ఏడాదికి 13,440. రేపు దాటినా ఆదాయపు పన్ను రిటర్న్ వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం కోత. రేపు మీరు లోన్‌కు వెళ్ళినా, చూపించడానికి మీ పేరున ఒక ఆదాయం ఉంటుంది.

మీ పేరున సేవింగ్స్ అకౌంట్ లేకపోతే ఈ వారమే తెరవండి. మీ పాన్‌తో అమెజాన్ అసోసియేట్స్‌కు (ఈ లింకుల కమిషన్ ఇచ్చే ప్రోగ్రామ్‌కు) కొత్తగా అప్లై చేయండి. కొత్త ఖాతా నిలవాలంటే 180 రోజుల్లో మూడు అమ్మకాలు కావాలి, మీకు వారానికి ఆరేడు ఆర్డర్లు వస్తున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. అయితే మీరో, ఇంట్లోవాళ్ళో ఆ లింకుతో కొనకండి, లెక్కలోకి రాకపోగా ఖాతా పోయే ప్రమాదం ఉంది. తర్వాత పాత లింకులను ఒక్కొక్కటిగా మార్చండి, ఎక్కువ క్లిక్కులొచ్చే బ్లాగ్ పేజీలతో మొదలుపెట్టండి. నెల ముగిశాక డబ్బు రావడానికి దాదాపు 60 రోజులు పడుతుంది, అందుకని ఆఖరి జమ పడేదాకా మరిది గారి ఖాతాను మూయొద్దు. పడ్డాక ఆ డబ్బు మీకు బదిలీ చేయించుకుని, తారీఖుతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి.