డాక్టర్ సలహా: బయో ఎంజైమ్ మంచిదే.. బ్లీచింగ్ పౌడర్ మీద మాత్రం పోయకండి

ప్రశ్న: నా వయసు 34. విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఏడాది నుంచి ఇంట్లో రసాయనాలు ఒక్కొక్కటే మానేస్తున్నాను. నిమ్మ, బత్తాయి తొక్కలు, బెల్లంతో బయో ఎంజైమ్ తయారుచేసి నేల, బాత్‌రూమ్ దానితోనే కడుగుతున్నాను. గిన్నెలకు కుంకుడుకాయ రసం. దోమలకు కాయిల్స్ మానేసి వేపాకు, కర్పూరం, సాంబ్రాణి పొగ వేస్తున్నాం. మా అపార్ట్‌మెంట్‌లో 16 ఇళ్లకు ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో బయో ఎంజైమ్ పోసి ఉచితంగా ఇస్తున్నాను. మిగతావాళ్లు కూడా మారాలంటే వారికి ఏం చెప్పాలి? నాన్‌స్టిక్ పెనాలు, ప్లాస్టిక్ డబ్బాలు పూర్తిగా తీసేయాలా? ఇత్తడి గిన్నెలు మంచివేనా? ఇంకొక విషయం. మూడు వారాల క్రితం బాత్‌రూమ్ కడుగుతుంటే ఘాటు వాసనకు ఉక్కిరిబిక్కిరై దగ్గు పట్టుకుంది. పాచి పోవాలని పనమ్మాయి అంతకుముందు బ్లీచింగ్ చల్లింది. ఇప్పటికీ రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయి. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు, సిరప్ రెండుసార్లు వాడాను. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్ కూడా రసాయనమే కదా అని ఆరు నెలల క్రితం మానేశాను. మా బాబుకు నాలుగేళ్లు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఓపీకి, వార్డు రౌండుకు మధ్య దొరికిన కాసేపట్లో మీ ఉత్తరం చదివాను. మీరు పెనాల గురించి, డబ్బాల గురించి వివరంగా అడిగారు. నా చూపు మాత్రం చివరి వాక్యాల దగ్గరే ఆగిపోయింది. మూడు వారాల దగ్గు, రాత్రిపూట పిల్లికూతలు, మానేసిన ఇన్‌హేలర్. ‘ఇంకొక విషయం’ అంటూ మీరు చివర్లో రాసిన ఈ మూడింటి గురించే ముందు మాట్లాడాలి. మిమ్మల్ని చూడకుండా, స్టెతస్కోపు పెట్టి వినకుండా ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పలేను. కానీ వీలైతే రేపే, లేదంటే ఈ వారంలోనే, ఊపిరితిత్తుల డాక్టరును కలవండి. ఈలోగా మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పడుకోలేక లేచి కూర్చోవలసి వచ్చినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 94 కంటే తగ్గినా ఆగవద్దు. 108కి ఫోను చేసి అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఆ రోజు బాత్‌రూమ్‌లో ఏం జరిగి ఉంటుందో మీ మాటల్లోనే ఉంది. తొక్కలు, బెల్లం మూడు నెలలు పులిస్తే తయారయ్యే ద్రవం పుల్లటిది, అంటే ఆమ్లం. బ్లీచింగ్ పౌడర్‌లో ఉండేది కాల్షియం హైపోక్లోరైట్. దాని మీద ఏ ఆమ్లం పడినా క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ ఆమ్లం టాయిలెట్ యాసిడ్ అయినా, వెనిగర్ అయినా, ఇంట్లో ప్రేమగా పులియబెట్టుకున్న బత్తాయి తొక్కల నీళ్లయినా జరిగేది అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలింది ఈ వాయువునే. మీ బాత్‌రూమ్‌లో పుట్టింది కొద్దిపాటే కావచ్చు. కానీ అది ఇరుకు గది. పైగా క్లోరిన్ గాలికంటే బరువైనది, నేలకు దగ్గరగా నిలుస్తుంది. మీరు వంగి నేల రుద్దుతున్నారు. మీ నాలుగేళ్ల బాబు తలుపు దగ్గర నిలబడి ఉంటే అతని ముక్కు మీ ముక్కుకంటే కిందనే ఉంటుంది.

ఇలాంటి ఘాటు ఒక్కసారి గట్టిగా తగిలితే చాలు, అంతకుముందు ఏ జబ్బూ లేనివారిలో కూడా శ్వాసనాళాలు వాచి ఉబ్బసం లాంటి స్థితి నెలల తరబడి ఉండిపోవచ్చు. మీకు ఉబ్బసం ముందే ఉంది. దాన్ని అదుపులో ఉంచే మందు ఆరు నెలలుగా లేదు. నాళాలు అప్పటికే వాచి ఉండి ఉంటాయి, వాటి మీద క్లోరిన్ పడింది. రాత్రిళ్లు పెరిగే దగ్గు, పిల్లికూతలు చూస్తే నాకు మొదట తట్టేది ఇదే. స్పైరోమెట్రీ అని ఒక పరీక్ష ఉంది. గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు, సూది గుచ్చే పని లేదు. అది చేస్తే చాలావరకు తేలుతుంది.

ఇక ఇన్‌హేలర్ సంగతి. కాస్త గట్టిగానే చెబుతున్నాను, నొచ్చుకోవద్దు. ఇంట్లోంచి బయట పడేయవలసిన రసాయనాల జాబితాలో అది లేదు. రోజూ వాడే ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, సాధారణంగా ఒక్కో పీల్పుకు 100 లేదా 200. అది నేరుగా శ్వాసనాళాలకే వెళ్తుంది. వాడిన తర్వాత నోరు పుక్కిలిస్తే నోట్లో పూత కూడా చాలావరకు రాదు. మరి దగ్గు, ఆయాసం అని చెప్పగానే కొన్ని మందుల షాపుల్లో పొట్లంలో కట్టి ఇచ్చే చిన్న తెల్లటి మాత్రలో ఏముంటుందో తెలుసా? చాలాసార్లు అదీ స్టెరాయిడే, అదీ మిల్లీగ్రాముల్లో. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. రసాయనం వద్దని ఇన్‌హేలర్ మానేసినవారు తెలియకుండానే అంతకు ఎన్నో రెట్లు మింగి, నెమ్మదించిందని సంతోషించి, నాలుగు రోజులకే మళ్లీ షాపుకు వెళ్లడం నేను వారం వారం చూస్తున్నాను. మీరు వాడిన మాత్రలు ఏవో నాకు తెలియదు. అందుకే స్ట్రిప్పులు పారేయకండి.

పర్యావరణం గురించే మీ బెంగ అయితే దానికీ దారి ఉంది. నొక్కితే మందు చిమ్మే ఇన్‌హేలర్లలో వాడే వాయువు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తి కలది. ఆ విషయంలో మీ ఆలోచన తప్పు కాదు. ఆ వాయువు అక్కర్లేకుండా, పొడి మందును మన ఊపిరితోనే లోపలికి లాక్కునే ఇన్‌హేలర్లు మన దగ్గర తక్కువ ధరకే దొరుకుతాయి. మీకు అవి సరిపోతాయో లేదో మీ డాక్టరు చూసి చెబుతారు. ఊపిరి గట్టిగా లాగగలిగే పెద్దవారిలో చాలామందికి సరిపోతాయి. ఈ సంగతి అడిగి తెలుసుకోవాల్సింది, అడగకుండానే మానేశారు.

మూడు వారాలు ఆగడం గురించి కూడా చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు మన దేశంలో కళ్లె పరీక్ష చేయించాలి. క్షయ కాదని తేల్చుకోవడానికి. ప్రభుత్వాసుపత్రుల్లో ఆ పరీక్ష ఉచితం. ‘నాకు క్షయ ఏమిటి, బ్లీచింగ్ వాసన వల్లే కదా’ అని మీకు అనిపించవచ్చు. నాకూ చాలావరకు అలాగే అనిపిస్తోంది. అయినా కళ్లె పరీక్ష, అవసరమనుకుంటే ఎక్స్‌రే చేయించకుండా నేను ఎవరినీ వదలను. షాపులో అందించే కొన్ని రకాల యాంటీబయాటిక్‌లు క్షయను నయం చేయవు, కొంతకాలం కప్పిపుచ్చుతాయి. అలా రెండు మూడు నెలలు నష్టపోయి, బరువు తగ్గి, ఇంట్లో మరొకరికి అంటించాక వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. మీ చేతిలో ఉన్న సిరప్ బాబుకు దగ్గు వచ్చినప్పుడు ఒక చెంచా పోయాలని కూడా అనుకోకండి. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు సిరప్ ఇవ్వవద్దని, అయిదేళ్లలోపు వారికీ సాధారణంగా అవసరం లేదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది.

ఇకముందు ఎప్పుడైనా అలాంటి ఘాటు తగిలితే శుభ్రం చేయడం పూర్తిచేయాలని చూడకండి. అన్నీ అక్కడే వదిలేసి బయటి గాలిలోకి రండి. కళ్లు మండితే కొళాయి కింద కనీసం పదిహేను నిమిషాలు కడగండి. బట్టలు తడిస్తే మార్చుకోండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత పెరగవచ్చు కాబట్టి తగ్గిందిలే అని పడుకోకుండా ఆస్పత్రిలో చూపించుకోండి. పాలు తాగితే గ్యాస్ విరిగిపోతుందన్నది నిజం కాదు.

దోమల పొగ గురించి. కాయిల్స్ మానేశారు, మంచి పని. కానీ ఆ స్థానంలోకి మళ్లీ పొగే వచ్చింది. వేపాకు పొగ అయినా, సాంబ్రాణి అయినా ఊపిరితిత్తులకు అందేది సన్నటి మసి నుసే. అది ఏ చెట్టుదో అవి చూడవు. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో ఎక్కువ భాగం కట్టెల పొయ్యిలదే, నిజమే. కానీ ఉబ్బసం ఉన్న మనిషి తలుపులు మూసి రోజూ సాయంత్రం ధూపం వేసుకోవడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు. కిటికీలకు జాలీలు కొట్టించండి, మంచానికి దోమతెర కట్టండి. ఇంతకంటే విషరహితమైన దోమల మందు నాకు తెలియదు. కర్పూరం డబ్బా పూజగదిలో బాబుకు అందేచోట ఉంటే ఇప్పుడే పైకి మార్చండి. చిన్నపిల్లలు కర్పూరం మింగితే కాసేపట్లోనే ఫిట్స్ రావచ్చు. నీలగిరి తైలం, వేపనూనె సీసాలకూ ఇదే మాట. కలరా ఉండలు ఇంకా మిగిలి ఉంటే తీసేయండి. కొందరు పిల్లల్లో పుట్టుకతో ఒక ఎంజైమ్ లోపం ఉంటుంది, అలాంటివారు వాటిని మింగితే ఎర్ర రక్తకణాలు చితికిపోయి మూత్రం నల్లగా వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది కూల్‌డ్రింక్ సీసాలు. పదహారు ఇళ్లు అన్నారు. ఎన్ని ఇళ్లలో చిన్నపిల్లలు ఉన్నారు? నేను వైద్యంలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక మూడేళ్ల బాబును తీసుకువచ్చారు. ఆకుపచ్చ కూల్‌డ్రింక్ సీసాలో కిరోసిన్ పోసి పొయ్యి పక్కన పెట్టారు. వాడికి సీసా తెలుసు, మూత తిప్పడం తెలుసు. రెండు గుక్కలు తాగాడు. తల్లి భయపడి ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించింది. కిరోసిన్ కడుపులో ఉన్నంతసేపు చేసే హాని తక్కువ. వాంతిలో ఊపిరితిత్తుల్లోకి జారిందంటే అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఎగిరెగిరి పడుతున్న ఆ పక్కటెముకలు, వాడి చొక్కా మీది కిరోసిన్ వాసన, ‘నేను కక్కించాను సార్, అంతా వచ్చేసింది’ అని ఆమె పదే పదే చెప్పడం నాకు ఇప్పటికీ గుర్తే. వాడు బతికాడు, చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. మీ బయో ఎంజైమ్ కిరోసిన్ కాదు, ఒప్పుకుంటాను. కానీ బత్తాయి రసం రంగు, బత్తాయి వాసన, కూల్‌డ్రింక్ సీసా. ఈ రోజు దానిలో తొక్కల నీళ్లుంటాయి, రేపు అదే సీసాలో ఆ ఇంటివారు యాసిడ్ పోసుకుంటారు. ఇచ్చిన సీసాలన్నీ వెనక్కి తెప్పించండి. తాగే వస్తువుల సీసాలు కానివాటిలో పోసి, ‘తాగరాదు, బ్లీచింగ్‌తో కలపరాదు’ అని పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి అంటించి ఇవ్వండి. పులిసేటప్పుడు గాజు సీసా వాడవద్దు, మొదటి నెల రోజూ మూత వదులు చేసి గాలి పోనివ్వండి, లేకపోతే పగులుతుంది. ఏ పిల్లవాడైనా ఏదైనా మింగితే వాంతి చేయించవద్దు. సీసాతో సహా ఆస్పత్రికి పరుగెత్తండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117 ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పెద్దమంట మీద కాల్చవద్దు, పూత లేచిపోతే తీసేయండి. మామూలు మంటమీద దోసె వేసుకుంటే భయపడనక్కర్లేదు. ప్లాస్టిక్ డబ్బాల్లో పప్పులు, బియ్యం పోసుకోవచ్చు. పొగలు కక్కే సాంబారు పోయవద్దు, వాటిని మైక్రోవేవ్‌లో పెట్టవద్దు. ఇత్తడి గిన్నెలకు కళాయి పోతే పులుసు, పెరుగు, నిమ్మరసం వాటిలో ఉంచకూడదు. కళాయి వేసేవారు వాడేది తగరమేనా, సీసం కలిపిందా అని అడిగి వేయించండి. సీసం పిల్లల మెదడుకు చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది. అందుకే బాబు కళ్లకు కాటుక కూడా వద్దంటాను. కుంకుడుకాయ రసం గిన్నెలకు బాగుంటుంది, కళ్లలో పడకుండా చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్రం టాయిలెట్‌కు బయో ఎంజైమ్ సరిపోతుందని నమ్మవద్దు. ఆ నాలుగు రోజులు బ్లీచింగ్ నీళ్లే వాడండి, అదొక్కటే, కిటికీ తెరిచి.

ఇతరులను ఎలా మార్చాలని అడిగారు. అది నా వృత్తి కాదు కానీ, పనమ్మాయితో మొదలుపెట్టండి. రోజూ అందరి బాత్‌రూమ్‌లలో వంగి కడిగేది ఆమె. బ్లీచింగ్ మీద ఏది పోయకూడదో మీ అపార్ట్‌మెంట్‌లో ఆమెకు ఎవరైనా చెప్పారా? ఆ రోజు మీకు తగిలిన ఘాటు ఆమెకు ఎన్ని ఇళ్లలో, ఎన్నిసార్లు తగులుతోందో అడిగి చూడండి. ఆమెకూ దగ్గు ఉంటే మీతోపాటు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

వెళ్లేటప్పుడు షాపులో ఇచ్చిన మాత్రల స్ట్రిప్పులు, సిరప్ సీసా, ఆరు నెలలుగా అల్మారాలో పడి ఉన్న ఇన్‌హేలర్ ఒక సంచిలో వేసుకోండి. ఆ ఇన్‌హేలర్ గడువు చూసుకోండి, పీల్చే పద్ధతి డాక్టరు ముందు ఒకసారి చేసి చూపించండి. బాబునూ వెంటబెట్టుకుని వెళ్లి, అతని ఛాతీ కూడా ఒకసారి వినమని అడగండి.

– ఊపిరితిత్తుల వైద్య నిపుణులు