సమాధానం: పాత ట్రావెలర్ క్యాంపర్ కింద టకటక శబ్దం, తుప్పు

క్యాంపర్‌ని (లోపలే పడుకునేలా మార్చిన వ్యాన్‌ని) కళింగపట్నం బీచ్ పక్కనే పెడతాను, స్పీడ్ బ్రేకర్ మీద వెనకాల టకటకమంటోంది, అండర్‌కోటింగ్ (తుప్పు పట్టకుండా బండి అడుగున కొట్టే పూత) కొట్టించేయనా అన్నారు కదా, ఇప్పుడే వద్దండీ, తుప్పు మీద కోటింగేస్తే లోపల తినేస్తూనే ఉంటది, పైకి కనపడదంతే. ముందు మంచినీళ్లతో కింద కడిగించి ఆరాక, జాకీ ఒక్కదాన్నే నమ్మి దూరొద్దు స్టాండ్లు పెట్టండి, ఛాసిస్‌ని, అంటే బండి అడుగు ఇనుప చట్రాన్ని, చిన్న సుత్తితో తట్టుకుంటూ పోండి, ఖంగుమంటే పర్లేదు, చప్పగా పలికినా పెచ్చులు రాలినా వెల్డింగ్ షాపే. శబ్దం మాత్రం కమాన్ కట్టల (బండి బరువు మోసే పట్టీ స్ప్రింగుల) చివర్లలో ఉండే బుష్‌లదని నా అనుమానం, ఆ కట్టల్ని ఇరుసుకి బిగించే యూ బోల్టుల దగ్గర కొత్తగా మెరిసే రాపిడి గీత ఉంటే అక్కడ కదులుతున్నట్టే. బ్రేకు పైపులు క్లిప్పుల కింద చూడండి, ఉప్పు తడి అక్కడే నిలుస్తది. టైరు పక్కన 2318 అనుంటే 2018లో 23వ వారం తయారీ, రబ్బరు వయసు అదే, పైన గీతలు బాగున్నాయని మోసపోకండి. క్యాంపర్‌లోని వాడుక నీళ్ల ట్యాంకు నింపుకుని ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ రోడ్డు ఎక్కే ప్లాన్ ఉంటే ఇవన్నీ అయ్యాకే.