బ్యాండ్ వదిలాక మొదటి సోలో అంటే నాకు ఆ కారు బొమ్మ ఆల్బమే

బ్యాండ్ నుంచి బయటికొచ్చిన రాక్ గాయకుల మొదటి సోలో ఆల్బమ్‌లలో ఏది వినాలి అని అడిగారు. జెనెసిస్ అనే ఇంగ్లాండు బ్యాండ్‌లో పాడిన పీటర్ గాబ్రియెల్‌ది, 1977లో వచ్చింది. మిగతావన్నీ తర్వాత తీరిగ్గా వినండి.

ముందు నా చిరాకు చెప్పుకోనివ్వండి. ఈ మహానుభావుడు మొదటి నాలుగు ఆల్బమ్‌లకూ తన పేరే పెట్టుకున్నాడు. యాప్‌లో ఒకటి వెతికితే ఇంకోటి మోగుతుంది. అట్ట మీద చినుకులు పడ్డ నీలం కారు, అందులో ఆయన ఉంటే అదే. అభిమానులు దాన్ని 'కార్' అనే పిలుస్తారు.

అన్ని పాటలూ బాగుంటాయని నేననను. చివర్లో 'హియర్ కమ్స్ ద ఫ్లడ్' అని మంచి పాట ఉంది. నిర్మాత బాబ్ ఎజ్రిన్ దానికి పెళ్లిపందిరంత అలంకారం చేసేశాడు. అదే పాటను 1979లో గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ ఆల్బమ్‌లో గాబ్రియెల్ ఏ హంగూ లేకుండా పాడాడు, అది వినండి. అయినా మొదటి సోలో మరీ నున్నగా ఉంటే నాకు అనుమానమే.

ఎందుకంటే నేనూ ఒకసారి బయటికొచ్చినవాణ్నే. రాజమండ్రిలో నాలుగేళ్లు ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించాను. వినాయక చవితి పందిళ్లు, పెళ్లిళ్లు. డబ్బుల దగ్గర మాటామాటా పెరిగి మానేశాను. నేను లేకపోతే పార్టీ మూతపడుతుందని గట్టి నమ్మకం. పది రోజుల్లో ప్యాడ్స్ వాయించే కుర్రాడు నా చోట కూర్చున్నాడు, జనంలో ఒక్కరూ తేడా కనిపెట్టలేదు. గాబ్రియెల్ 1975లో జెనెసిస్ వదిలేస్తే అక్కడా అంతే, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ మైకు అందుకున్నాడు. గాబ్రియెల్ ఆల్బమ్ కంటే ఏడాది ముందే వాళ్ల కొత్త ఆల్బమ్ వచ్చేసింది. ఆ కడుపుమంట నాకు తెలుసు.

మానేసిన వారానికి అమ్మ ఫిర్యాదు మీద మావయ్య ఇంటికి రమ్మన్నాడు. మందలింపు ఇంకా మొదలుకాలేదు, ఆయన పేపరు చూస్తున్నాడు. నేను ఫోన్‌లో 'సాల్స్‌బరీ హిల్' పెట్టాను. ఇంగ్లాండులో బాత్ దగ్గర ఆ పేరుతో నిజంగానే గుట్ట ఉంది. పాట మాత్రం బ్యాండ్ వదిలేయడం గురించే. మావయ్య మృదంగం నేర్చుకున్న మనిషి, ఇంగ్లీషు పాటంటే గిట్టదు. కాసేపటికి పేపరు వెనక వేళ్ల చప్పుడు.

"ఒరేయ్, ఇది మిశ్రచాపు కదరా! తకిట తకధిమి."

నిజమే, మిశ్రచాపు అంటే ఏడు లెక్కల తాళం, ఈ పాటా ఏడు లెక్కే. నాలుగేళ్లు కీబోర్డ్ వాయించిన నాకు తట్టలేదు. పల్లవి చివరికొచ్చేసరికి ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఇక్కడ తాళం తప్పాడు వీడు."

తప్పలేదు, అక్కడ కాసేపు నాలుగులోకి వెళ్లి మళ్లీ ఏడుకొస్తుంది. అది చెబితే నమ్మలేదు. నాలుగుసార్లు పెట్టించుకుని, నాలుగోసారి సరిగ్గా పట్టుకున్నాడు. ఆర్కెస్ట్రా ఎందుకు మానేశావని అడగడం మాత్రం మర్చిపోయాడు.