అమ్మ మాట నీదాకా ఎందుకు రాలేదు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్న తెలుగు, అమ్మ సవర గిరిజనురాలు. నాన్నవైపు పెళ్లిళ్లకు వెళ్తే నా ముఖం చూసి “మీరేవిట్లు?” అని కులం అడుగుతారు. గుమ్మా దగ్గర అమ్మమ్మ ఊళ్లో నాకు సవర రాదని నవ్వుతారు. కాలేజీలో ఒడియావాళ్లకి నేను తెలుగుపిల్లని. సర్టిఫికెట్‌లో నాన్న కులమే ఉంది. 23 ఏళ్లొచ్చాయి, నేనెవరి మనిషిని?

జవాబు: తల్లీ, అమ్మమ్మ ఊళ్లో నవ్వారని రాశావు. మీ అమ్మ నీతో సవరలో ఎందుకు మాట్లాడలేదో మాత్రం రాయలేదు. ఎప్పుడూ అడిగి ఉండవనుకుంటాను. కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె మాట వినగానే ఎవరు ముఖం చిట్లించారో! ఆ చిన్నచూపు నీకు తగలకూడదని తన భాషను తనలోనే దాచుకుని ఉండొచ్చు. ఇలాంటి ఇళ్లలో తల్లులు అలా చేయడం చూశాను. నిష్ఠూరమాడకుండా, పక్కన కూర్చుని అడుగు.

మీ ఊళ్లోనే పాఠాలు చెబుతూ గిడుగు రామమూర్తి గారు, తన ఇంటి భాష కాకపోయినా పట్టుబట్టి సవర నేర్చుకున్నారు. వ్యాకరణం, నిఘంటువు కూడా రాశారు. ఆయన సవర తెలిసిన మనిషిని వెతుక్కోవాల్సి వచ్చింది. నీకు నేర్పే మనిషి మీ వంటింట్లోనే ఉంది. రాసుకోవాలనుకుంటే లిపీ ఉంది. మీ ఊరు ఒడిశాలో కలిసిన 1936లోనే మంగై గొమాంగో సోరంగ్ సొంపెంగ్ లిపిని తయారుచేశారు.

“మీరేవిట్లు?” అంటే “నాన్న తెలుగు, అమ్మ సవర” అని చెప్పి ఊరుకో. అమ్మ మాట మింగేయకు. మీ నాన్న పక్కనుంటే ఆయనే చెప్పాలి. ఇన్నేళ్లూ ఆయన నోరు విప్పకుండా ఉంటే అది తప్పే. ఈ ఉత్తరం ఆయనకు చూపించు.

సర్టిఫికెట్ సంగతి వేరు. మామూలుగా తండ్రి కులమే వస్తుందని అనుకున్నా, తల్లివాళ్ల మధ్య పెరిగి, వాళ్లు పడే కష్టాలే పడ్డవాళ్లు ఆ సంగతి రుజువు చేసి తల్లి కులం అడగొచ్చని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. నువ్వు పెరిగింది నాన్నవైపు కనక దానిమీద ఆశ పెట్టుకోకు. అమ్మమ్మ దగ్గరికి వెళ్లడానికి ఆ కాగితంతో పనిలేదు.

ఈ సెలవులకు ఒక్కపూట చూసి వచ్చేయకుండా, అమ్మను వెంటబెట్టుకుని పదిరోజులుండేలా వెళ్లు. వాళ్లు కొండచేనుకి వెళ్తే నువ్వూ వెళ్లు. తప్పు పలికితే మళ్లీ నవ్వుతారు, సరిగ్గా ఎలా అనాలో అప్పుడే అడుగు. బయల్దేరేలోగా అమ్మమ్మను పలకరించడానికి నాలుగు మాటలైనా అమ్మ దగ్గర నేర్చుకో.