తీగ కొస మడిచావా, బుజ్జీ?

చి. బుజ్జికి, అత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఊలుతో అల్లిన తాడులోకి తీగ తోసి, దాన్ని అక్షరాలుగా వంచి పిల్లల పేర్లు చేసి అమ్మబోతున్నావని మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. "దానికి ఉన్న ఉద్యోగం చాల్లేదా" అని విసుక్కుంటూనే నువ్వు చేసిన ఫొటో నాకు మూడుసార్లు పంపాడు. పచ్చ తాడుతో ఇంగ్లీషులో "ఆద్య". బాగా కుదిరింది. ఒకప్పుడు మన నరసాపురం వైపు లేసు సూది పట్టని ఆడపిల్ల అరుదు. నీకు చిన్నప్పుడు సూది ఇస్తే దాంతో మామిడికాయ ముక్కలు గుచ్చుకు తిన్నావు. అలాంటిదానివి హైదరాబాద్‌లో కూర్చుని ఊలు పట్టుకున్నావంటే నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను.

ముందు తేలిక సంగతులు. పేరు కాగితం మీద అసలు సైజులో రాసుకో. ఆ గీత వెంట దారం పరిచి కొలిచి, దానికి జానెడు కలిపి తాడు అల్లు. తాడు అల్లే మిషన్ హ్యాండిల్ మెల్లగా తిప్పు. తాడు కింద చిన్న బరువు వేలాడదీస్తే కుట్లు జారవు. ఎర్ర నూలైతే తడిగుడ్డతో రుద్ది, రంగు పోతుందేమో చూశాకే మొదలుపెట్టు. తీగ అల్యూమినియంది తీసుకో, చిన్న పేర్లకు 1.5 మి.మీ., పెద్దవాటికి 2 మి.మీ. మెత్తన కదా అని ఒకేచోట పదిసార్లు వంచి సరిచేస్తే విరుగుతుంది.

తెలుగులో అడిగేవాళ్ళు తక్కువట కదా. అడగకపోయినా నేర్చుకో. ఇంగ్లీషు కలిపిరాత ఒకే తీగతో వెళ్ళిపోతుంది. మన అక్షరాలు గుండ్రం కాబట్టి తీగకి సుఖమే గానీ, తలకట్టు దగ్గర వస్తుంది చిక్కు. "ప"కి తలకట్టు విడిగా ఉండాలి, "వ"కి అతుక్కుని ఉండాలి. ఒకే తీగతో లాగేద్దామని "ప" తలకట్టు కలిపేశావా, పద్మ కాస్తా వద్మ అయి కూర్చుంటుంది. అక్షరం ఒక ముక్క, తలకట్టు ఇంకో ముక్క చేసి, వెనక లేసు జాలీ ఫ్రేముకి బిగించి దానిమీద రెండూ కుట్టెయ్యి. జాలీ నేను అల్లి పంపుతాను. జ్యోత్స్న అని ఎవరైనా అడిగితే మాత్రం వంద ఎక్కువ తీసుకో. ఏ పేరైనా వాళ్ళ చేత్తో రాయించి ఫొటో పెట్టించుకున్నాకే తీగ వంచు. బారసాల ముందురోజు న్యూమరాలజీ అంటూ ఇంగ్లీషు పేరులో ఇంకో "ఎ" కలపమనేవాళ్ళుంటారు.

ఇక నా నిద్ర సంగతి. మీ అన్నయ్య కింది పెదవి లోపల చిన్న బుడిపె ఉందని నీకు తెలుసా? తెలిసి ఉండదు. మీ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

1991లో వాడి బారసాల. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. మేనత్తని కదా, వాడి చెవిలో పేరు చెప్పేది నేనే. ఆ పేరు నా చేత్తో చేసి ఉయ్యాలకి కట్టాలని ఉబలాటం. మిషన్లు ఎక్కడివి అప్పుడు? ఖాళీ చెక్క రీలుకి నాలుగు చిన్న మేకులు కొట్టి, లేసు సూదితో కుట్టు మీద కుట్టు దాటిస్తూ పది రాత్రులు తాడు అల్లాను. తెల్ల నూలు. తీగకి డబ్బులెందుకని, పక్కింట్లో స్లాబు పని జరుగుతుంటే సెంట్రింగ్ వాళ్ళని అడిగి ఊచలు కట్టే బైండింగ్ వైరు తెచ్చుకున్నాను. ఇనుము. మెత్తగా వంగింది, ఊరికే వచ్చింది. కటింగ్ ప్లేయర్‌తో ఏటవాలుగా తుంచి, కొస అలాగే తాడులోకి తోసి పైన రెండు కుట్లు వేశాను. 21వ రోజున ఉయ్యాల గొలుసుకి కట్టాను. ఎవరినీ మెచ్చుకోని మా అమ్మ కూడా "బానే ఉంది" అంది.

ఆరు నెలలు ఏమీ కాలేదు. ఏడో నెలలో వాడు అందిందల్లా లాగి నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం వదిన వంటింట్లో ఉంది, నేను అరుగు మీద లేసు అల్లుతున్నాను. ఏడుపు వినిపించింది. రోజూ వినే ఏడుపు కాదు. వెళ్ళేసరికి గడ్డమంతా రక్తం, గుప్పిట్లో చివరి అక్షరం. అల్లిన తాడు సాగుతుంది, తీగ సాగదు. వాడు నములుతూ లాగేకొద్దీ తాడు వెనక్కి జరిగి, కొస బయటికొచ్చి పెదవిలో దిగింది. తాడు విప్పితే లోపలంతా తుప్పు. ఆ తెల్ల నూలు మీద గోధుమరంగు మరకలు వారం ముందే చూశాను, బుజ్జీ. పాల మరకలేమో అనుకుని ఊరుకున్నాను.

టెటనస్ ఇంజెక్షను, రెండు కుట్లు. వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పదేళ్ళు మళ్ళీ తీగ ముట్టుకోలేదు నేను.

కోప్పడుతున్నాననుకోకు అని రాయబోయాను గానీ, కోప్పడుతున్నాను. నీ ఫొటోలో చివరి అక్షరం తోక దగ్గర మెరుస్తున్నదేమిటి? పెద్దది చేసి చూశాను. అది తీగే. నోస్ ప్లేయర్‌తో కొసని అర సెంటీమీటరు వెనక్కి మడిచి గట్టిగా నొక్కు. అలా మడిస్తే తాడులోకి తోసేటప్పుడు కుట్లకి చిక్కుకోదు కూడా. తాడు తీగకంటే రెండు వేళ్ళు పొడుగుంచి, చివరి నాలుగు కుట్లలోంచీ సూది పోనిచ్చి బిగలాగి, అదే ఊలుతో వెనక్కి మూడుసార్లు కుట్టు. గ్లూ నమ్ముకోకు. అయ్యాక నీ చెంపకి రుద్దుకుని చూడు. వేలితో చూస్తే చాలదు, చెంప మీద అయితే గీరినట్టు వెంటనే తెలుస్తుంది. ఉయ్యాలకి కడతామంటే ఇవ్వకు. గోడకి, పిల్లల చెయ్యి అందనంత ఎత్తున. ఆ మాట ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పు, ఆర్డరు పోతే పోనీ.

డబ్బు సంగతి ఒకటి. ఊలు, తీగ లెక్కేసి పైన నూట యాభై వేస్తున్నావట. నీ గంటలేవీ అందులో? మాకు ఏజెంట్లు దారం కండెల లెక్కన కూలి ఇచ్చేవాళ్ళు, ఎన్ని గంటలు కూర్చున్నావని ఎవరూ అడగలేదు. 2024లో మన నరసాపురం లేసుకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని పేపర్లో చదివితే నాకు ముందు ఆ కండెలే గుర్తొచ్చాయి. నువ్వు అలా చెయ్యకు. సగం అడ్వాన్సు తీసుకో. రాత్రి పదకొండు దాటాక అల్లకు, నీకసలే కళ్ళద్దాలు.

నా చెక్క రీలు మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను, మిషన్ మొరాయిస్తే పనికొస్తుంది. నాలుగో మేకు కొంచెం వదులు, సుత్తితో తట్టుకో. ఆద్య పేరు ఇంకా పంపకపోతే ఆపు. పంపేసి ఉంటే వాళ్ళమ్మకి ఇవాళే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ అత్త