‘రాపో బాగుంది’ అని రాశాక, నాకు తెలియదంటే కుదరదు

ప్రశ్న: హనుమకొండలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థులు మా దగ్గర ఫీల్డ్‌వర్క్ చేస్తారు. వాళ్ళ రికార్డులు చూసి మార్కులు వేసేది నేనే. పది నెలల కిందట ఒక అమ్మాయి రికార్డులో, పదమూడేళ్ళ పాప తన సొంత బాబాయి గురించి ‘రాత్రిపూట పక్కన పడుకుని ఎక్కడెక్కడో చెయ్యి వేస్తాడు’ అని చెప్పినట్టు రాసింది. నాతో నోటిమాటగా చెప్పలేదు. ఈ మధ్యే విషయం తెలిసి పాప తల్లి పోలీసుల దగ్గరకు వెళ్తానంటోంది. ఆ పేజీ మార్పించి, పాత తేదీతో ‘పోలీసులకు చెప్పమని సూచించాను’ అని రాసుకోమని మా మేనేజరు అంటున్నారు. ఇంకో రెండు నెలలు ఆగితే కేసే నిలబడదని తెలిసిన గుమాస్తా ఒకాయన చెప్పాడు. ఆ అమ్మాయి నిర్లక్ష్యానికి నేనెందుకు బలి కావాలి?

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా మీ సర్వీసు, రాని జీతాలు, మీ ఇంటి పరిస్థితి. అవేవీ ఈ కేసుకు పనికిరావు. పనికొచ్చేది మీరు జతచేసిన ఫొటో ఒక్కటే. ఆ రికార్డు పేజీ అడుగున ఎర్ర ఇంకుతో ‘రాపో బాగుంది. 8/10’ అని ఉంది. రాపో అంటే ఆ అమ్మాయికి పాపతో కుదిరిన చనువు, నమ్మకం. దాని కింద మీ సంతకం, తేదీ.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా ఎవరైనా సరే స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. చెప్పకపోతే 21(1) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తెలిసింది నోటిమాటగానా, రాతపూర్వకంగానా అని చట్టం అడగదు. చదవకుండా సంతకం పెట్టానని చెబుదామని ఉందేమో. చదవకపోతే రాపో బాగుందని మీకెలా తెలిసిందమ్మా? ప్రాసిక్యూటరు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే.

కటువుగానే అంటున్నాను. రికార్డు దిద్దడమంటే అక్షర దోషాలు చూసి అంకె వెయ్యడం కాదు. ఆ అమ్మాయి విన్నది విన్నట్టు రాసింది. దాన్ని చదివి ఇది పోలీసులకు వెళ్ళాల్సిన విషయమని గుర్తుపట్టడానికే సూపర్‌వైజర్ ఉండేది. ఆమె కూడా మేజరే కాబట్టి బాధ్యత ఆమెకూ ఉంది, మీకు రాసి ఇచ్చినంత మాత్రాన అది తీరిపోదు. అలాగని మీ వాటా తగ్గదు. ఇప్పుడు ఆమె మార్కులు కోసే ఆలోచన ఉంటే మానుకోండి. రేపు ఆమే ముఖ్య సాక్షి. బెదిరించారనే మాట కూడా మీ నెత్తిన పడుతుంది.

21(2) కింద ఏడాది జైలు అని మిమ్మల్ని ఎవరో భయపెట్టారు. అది తన కింద పనిచేసేవాడే నేరం చేసినా దాచిపెట్టిన సంస్థ అధిపతికి. మీకు వర్తించదు. ‘క్లయింటు గోప్యత’ అని మీరు రాసింది కూడా నిలవదు. వకీలుకు, కక్షిదారుకు మధ్య నడిచే మాటలకు ఉన్న రక్షణ సోషల్ వర్కర్లకు లేదు. మహారాష్ట్రలో హాస్టల్ బాలికలకు వైద్యం చేసిన డాక్టరు విషయం పోలీసులకు చెప్పలేదని కేసు పెడితే హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు 2022 నవంబరు 2న ఆ కేసును మళ్ళీ నిలబెట్టింది.

ఇక గుమాస్తాగారి లెక్క. ఏడాదిలోపు శిక్ష ఉన్న నేరాలకు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 514వ సెక్షన్ కింద ఏడాది గడువు ఉన్నమాట నిజమే. ఆయన అక్కడిదాకా చదివి పుస్తకం మూసేశాడు. నేరం బాధితులకు గానీ పోలీసులకు గానీ తెలియకపోతే, తెలిసిన రోజు నుంచే గడువు లెక్క అని 515 చెబుతోంది. పెద్ద నేరంతో కలిపి విచారిస్తే పెద్ద నేరానికున్న గడువే వర్తిస్తుంది. బాబాయి రక్తసంబంధీకుడు కాబట్టి అతని మీద పడేది పోక్సో 10వ సెక్షన్, అయిదు నుంచి ఏడేళ్ళు. దానికి గడువే లేదు. పైగా మీరు ఆగే ఆ రెండు నెలలూ పాప అదే ఇంట్లో ఉంటుంది.

మేనేజరు సలహా దీనికన్నా ప్రమాదం. ఇప్పుడు మీ మీద రాగలిగింది ఆరు నెలల నేరం, బెయిలబుల్. ముందస్తు బెయిలు కూడా అక్కర్లేదు. పాత తేదీతో ఒక్క వాక్యం రాశారో, కోర్టు కోసం తప్పుడు సాక్ష్యం సృష్టించినట్టు. బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 229 కింద ఏడేళ్ళ వరకు జైలు. అసలు పేజీ చించితే అది వేరే నేరం. ఆ పేజీ ఫొటో విద్యార్థిని ఫోన్‌లో ఉండదని మీకెవరు చెప్పారు?

చెయ్యాల్సింది ఇవాళే చెయ్యండి. రికార్డును ముట్టుకోకండి, కాలేజీకి ఇచ్చేసి ఉంటే అక్కడే ఉండనివ్వండి. స్థానికంగా ఒక వకీలును కూర్చోబెట్టుకుని ఒక పేజీ ఫిర్యాదు రాయించండి. ఫలానా తేదీ రికార్డులో ఇలా ఉంది, రాసింది ఫలానావారు, చూసి సంతకం చేసింది నేను. అంతే. సాకులొద్దు, కన్నీళ్ళొద్దు, పాప పేరు వాట్సాప్‌లో ఎక్కడా తిరగకూడదు. పాపను మళ్ళీ ప్రశ్నించకండి, ఆ పని మహిళా అధికారి పాప ఇంట్లోనో, పాప కోరిన చోటో చేస్తారు. బాబాయిని పిలిపించి పెద్దమనుషుల్లో మాట్లాడదామనే పని అసలే వద్దు.

ఆలస్యంగా చెప్పినంత మాత్రాన పాత తప్పు చెరిగిపోదు. కానీ తల్లికన్నా ముందు మీరు స్టేషన్‌కు వెళితే కోర్టు మిమ్మల్ని చూసే తీరు మారుతుంది. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినందుకు మీ మీద కేసు వెయ్యడానికి వీల్లేదని పోక్సో 19(7) చెబుతోంది. భరోసా కేంద్రం (బాధిత మహిళలకు, పిల్లలకు పోలీసులు నడిపే సహాయ కేంద్రం) దగ్గర్లో ఉంటే అక్కడ సాయం దొరుకుతుంది, ఫిర్యాదు మాత్రం పోలీసులకే ఇవ్వాలి. బాలల సంక్షేమ కమిటీకి ఒక కాపీ పంపండి.

మా పరిధి కాదని ఎస్సై అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి. రాసుకోని అధికారికీ పోక్సోలోని అదే 21(1) వర్తిస్తుందని మర్యాదగానే గుర్తుచెయ్యండి. ఫిర్యాదుకు నంబరు వేసి, రాసుకున్నది మీకు చదివి వినిపించాలి. కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ పడేదాకా అక్కడి నుంచి కదలకండి.