వేలిముద్రల రిపోర్టు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది దేవరకొండ. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. చదవడం, రాయడంలో బాగా వెనకబడ్డాడు. వేలిముద్రల పరీక్ష చేయిస్తే ‘చేతులతో చేసి నేర్చుకునే రకం’ అన్నారు. అలాంటి పిల్లలకు తగ్గట్టు చెబుతామంటున్న హైదరాబాద్ హాస్టల్ స్కూల్లో చేర్చాలా, ఇక్కడే ఉంచాలా? ఇలాగే ఉంటే వాడి గతేమిటి?

జవాబు: అమ్మా, పోల్చమన్నది రెండు స్కూళ్లను, కానీ మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి వాక్యం. మీరు పంపిన నోటుపుస్తకం ఫొటోలో ‘ప్రశ్న’ అన్న మాట ఒత్తులు తప్పి ‘పశన’ అయింది. బోర్డు చూసి ఎక్కించుకున్న వాక్యం సగంలో ఆగింది. అదే పిల్లవాడు, మీరు లెక్క చదివి వినిపిస్తే చక్రవడ్డీ నోటితోనే కట్టేశాడని మీరే రాశారు. తెలివికి ఢోకా లేదు, చిక్కంతా అక్షరం దగ్గరే. అది డిస్లెక్సియానా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) కాదా అన్నది క్లినికల్ సైకాలజిస్టు చూసి చెప్పాలి. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గర మొదలుపెట్టండి.

ఇక ఆ రిపోర్టు. వేలి గీతలు కడుపులో ఉండగానే ఏర్పడతాయి. పిల్లవాడు ఎలా నేర్చుకుంటాడో అవి చెబుతాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. చూసి, విని, చేసి నేర్చుకునేవారంటూ పిల్లలను విడదీసి బోధిస్తే చదువు మెరుగవుతుందనడానికీ తగిన ఆధారాలు లేవని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ సమీక్షలో తేల్చారు. చూసి, విని, చేసి అన్న ఆ మూడు గడుల చార్టు ఒకప్పుడు నా గోడకూ వేలాడింది, దాచుకోను. దానితో నాకు అసలు భయం ఒకటుంది: ‘చేతులతో నేర్చుకునే రకం’ అన్న ముద్ర పడ్డాక వాడికి చదవడం నేర్పడమే మానేస్తారు.

ఆ రిపోర్టుకు డబ్బు కట్టేముందు క్లాసు టీచరును ఒక్కసారైనా కలిశారా? వాళ్ల అక్క మార్కులు రోజూ గుర్తు చేస్తున్నానని కూడా రాశారు. ముందు అది ఆపండి. రెండో ట్యూషనూ మాన్పించండి. చదవలేని పుస్తకాన్ని ఇంకో రెండు గంటలు ముందు పెడితే భయం తప్ప ఏమొస్తుంది?

పాఠం మిగతా పిల్లలదే ఉండాలి, చెప్పే తీరే మారాలి. లెక్క చదివి వినిపించడం, జవాబు నోటితో చెప్పనివ్వడం, బోర్డు మీది నోట్సు జిరాక్సు ఇవ్వడం, పది లెక్కలకు బదులు నాలుగు చేయించడం, రోజూ కాసేపు ఒత్తులు, గుణింతాలు విడిగా దిద్దించడం. ఇందులో ఖర్చయ్యేది జిరాక్సు ఒక్కటే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి అభ్యసన ఇబ్బందులను త్వరగా గుర్తించి తగిన బోధన అందించడం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికీ బాధ్యతే. మొహమాటపడకుండా అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం మీ మండలంలో ఉంటే అక్కడా విచారించండి.

హైదరాబాద్ స్కూలును ఒకటే అడగండి: ఇలాంటి పిల్లలకు నేర్పే శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్ ఎవరు, అలాంటి వారిని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ వారికి ఉందా? నీళ్లు నమిలితే అక్కడ ఉన్నది పేరు బోర్డు మాత్రమే. ఉందన్నా, ఈ వయసులో హాస్టల్‌కు పంపడానికి నేను తొందరపడను. చక్రవడ్డీ నోటితో కట్టే పిల్లవాడికి పదో తరగతి తర్వాత ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ ఏదీ మూసుకుపోలేదు.

టీచరు దగ్గరకు ఆ నోటుపుస్తకం తీసుకెళ్లండి. అబ్బాయిని బయట నిలబెట్టకండి. ఎక్కడ ఆగిపోతున్నాడో వాడినే చెప్పనివ్వండి.